తోటకు మేలుచేయు చిన్న కందిరీగలు
(మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల రైతులకు చేసిన ఉపన్యాసము)



నేను శాస్త్రజ్ఞుడను గాను. రెవిన్యూ కచ్చేరిలో తర్జుమా చేయువాడను. శాస్త్రజ్ఞులు కనుగొనిన సంగతులను మీకు తెలుగున విన్నవించుటయే నా పని.

బత్తాయి, నిమ్మ, బొప్పాయి తోటలు గలవారిలో పొలుసు పురుగును, పిండినల్లిని ఎఱుగనివారు లేరు. ఇవి కొమ్మలకును కాయలకును అంటుకొని రసమును పీల్చును. పిండినల్లి విడుచు తియ్యని జిగురుపై మసి పట్టి ఆకులు నల్లబడును. పొలుసు పురుగునకు చిప్పయు, పిండినల్లికి మైనపు పొడియు కవచములు గాన మందు వానికి చక్కగా తగులదు.

ఈ పురుగులకు సహజశత్రువులు కలవు. అవి ఆవగింజకంటె చిన్నవైన కందిరీగలు, మనుష్యులను కుట్టవు. ఒక జాతి కందిరీగ చిప్ప క్రింద గ్రుడ్డు పెట్టును. వేఱొక జాతి పిండినల్లి శరీరములోనే పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఆ పురుగునే తిని పెరిగి, రెక్కలు వచ్చి యెగిరిపోవును. కవచము లేని యీ కందిరీగలు మందు చల్లిన వెంటనే చచ్చును. కవచము గల పురుగు మిగిలి, అడ్డు లేక పెరుగును. మందు చల్లినకొలది ఖర్చు పెరిగి పురుగు తగ్గకుండుటకు ఇదియొక కారణము.

2008లో మెక్సికో ప్రాంతపు బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరున కనబడి, బొప్పాయి, మల్బరీ, కర్రపెండలము తోటలను పాడుచేసెను. మందులతో అది లొంగలేదు. 2010లో బెంగుళూరులోని జాతీయ కీటక సంస్థవారు అమెరికా వ్యవసాయశాఖ సహాయముతో పోర్టో రికో ద్వీపమునుండి మూడు జాతుల కందిరీగలను తెప్పించి, పెంచి, తోటలలో విడిచిరి. వానిలో ఎసిరోఫేగస్ పపాయే అనునది మిక్కిలి చక్కగా పనిచేసి పిండినల్లిని అణచెను. మన దేశమును ఇట్టి మేలు ఇతరులకు చేసియున్నది. 1956-57 సంవత్సరములలో ఉత్తర హిందూదేశమునుండియు పాకిస్థానమునుండియు కొనిపోయిన ఏఫైటిస్ మెలినస్ కాలిఫోర్నియా నారింజ తోటలలో ఎఱ్ఱ పొలుసు పురుగును నేటికిని అణచుచున్నది.

కావున మీరు చేయవలసినవి:

1. భూతద్దముతో చూడుడు. ఉబ్బి గట్టిపడిన పిండినల్లికి గుండ్రని రంధ్రమున్నను, సూదితో చిప్ప నెత్తగా క్రింద చిన్న పిల్లపురుగు కనబడినను, కందిరీగ పనిచేయుచున్నదని తెలియుడు. అప్పుడు మందు చల్లకుడు.

2. చీమలు జిగురుకై పిండినల్లిని కాచి కందిరీగలను తరుమును. నేలకు తగులు కొమ్మలను కత్తిరించి, మొదలునకు జిగురు పూసిన పట్టీ కట్టుడు.

3. ఆకులపై దుమ్ము కందిరీగ పనిని చెఱచును. బండిబాటల ప్రక్కనున్న చెట్లను నీటితో కడుగుడు.

4. తప్పనిసరియైన యెడల తోటనంతటిని గాక, పురుగు మిక్కుటముగా పట్టిన చెట్లను మాత్రమే సబ్బునీటితో తడుపుడు.

మందు కొనుటకు అప్పు చేయకముందు ఒక్క కొమ్మను త్రుంచి పరీక్షించుడని నా విన్నపము.