సుబ్బారావు గారూ, మన పేగులూ

మాది ఇక్కడ మూడవ తరం. మేము తెలుగు నేర్చుకున్నది సాయంత్రపు తరగతులలో. బడిపంతుళ్ళం గనుక ఒక చిన్న పాఠం మీ ముందు పెడుతున్నాము.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు పెద్దలకు తెలిసినదే. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ జబ్బే ఆయనకూ చేసింది గాని బతికి బయటపడ్డారు. 1923లో బోస్టను చేరారు. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నారు. జర్మనీలో లోమన్ గారు కూడా ఆ యేడే దానిని కనుగొన్నారు.

మన కణాలు పనిచేసేది ఈ ఎ.టి.పి. ఇచ్చే శక్తితోనే. అందులో అధికభాగం తయారయ్యేది మైటోకాండ్రియాలలో. వాటిని కణంలోని పొయ్యిలనుకోండి.

పెద్దపేగు లోపలి పొర ఒక గోడ వంటిది. ఇటు మన శరీరం, అటు కోటానుకోట్ల సూక్ష్మజీవులు. మనం తిన్న పప్పులోని, కూరలోని పీచు నుంచి ఆ సూక్ష్మజీవులు బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి. గోడ కణాల పొయ్యిలకు అదే ముఖ్యమైన వంటచెరకు. పొయ్యి సరిగా మండకపోతే గోడకు సందులు పడతాయి. సూక్ష్మజీవులు చొరబడతాయి, రక్షక కణాలు పోరుకు లేస్తాయి, పేగు వాస్తుంది.

ఇంకొక చిత్రం. మైటోకాండ్రియాల పూర్వీకులు బాక్టీరియాలే. దెబ్బతిన్న మైటోకాండ్రియా నుంచి దాని డి.ఎన్.ఎ. బయటికి కారితే, రక్షక కణాలు శత్రువు వచ్చిందనుకుని వాపును ఇంకా పెంచుతాయి. అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగుపూత ఈ శక్తి కొరత వల్ల వస్తుందా అని రోడిగర్ గారు 1980లోనే ప్రశ్న వేశారు. వంశం, ఆహారం, సూక్ష్మజీవులు కూడా అందులో పాలు పంచుకుంటాయి.

సుబ్బారావు గారు పరిశోధన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం తయారైంది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఆ యేడే ఆయన 53వ ఏట పోయారు. స్ప్రూకు ఈనాటికీ ఇచ్చే మందులు ఫోలిక్ ఆమ్లమూ, ఆరియోమైసిన్ జాతిదే అయిన టెట్రాసైక్లినూ.

మన ఇళ్ళలో గుండెజబ్బు గురించి నలుగురిలో చెప్పుకుంటాము. పేగు జబ్బును మాత్రం దాస్తాము. పెళ్ళి కావలసిన పిల్లకైతే మరీను. వారాల తరబడి విరేచనాలు, రక్తం పడడం, బరువు తగ్గడం కనిపిస్తే మజ్జిగతో, వాముతో కాలం గడపక డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. తన ఇంటి వారిని బలిగొన్న జబ్బుకు మందు వెదికిన మనిషి పటానికి దండ వేసే మనం, మన పిల్లల నొప్పిని దాచరాదు.