బానిస స్త్రీల చరిత్ర: కాగితాలు చెప్పేవీ, దాచేవీ



అమెరికా బానిసత్వం మన తెలుగు పాఠకుల్లో చాలామందికి 'ఏడు తరాలు' ద్వారానే పరిచయమైంది. అలెక్స్ హేలీ పుస్తకాన్ని సహవాసి అంత సులువైన తెలుగులో మనకు అందించారు. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ కాలం వదిలి వెళ్లిన కాగితాల గురించి. చట్టాలు, జనాభా లెక్కలు, కోర్టు ఫైళ్లు, వాంగ్మూలాలు. వీటిలో బానిస స్త్రీ ఎక్కడుంది? ఆమె గురించి ఎవరు రాశారు, ఎందుకు రాశారు?

1662లో వర్జీనియా వలస ప్రాంతం ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ స్వతంత్రుడా, బానిసా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుందని దాని సారాంశం. అప్పటి ఇంగ్లండులో వంశం, వారసత్వం తండ్రి నుంచి సంక్రమించేవి. ఇక్కడ మాత్రం ఆ సూత్రాన్ని తలకిందులు చేశారు. ఇది తల్లికి ఇచ్చిన గౌరవం అనుకుంటే పొరపాటే. యజమాని తన బానిస స్త్రీని చెరిచి బిడ్డను కంటే, ఆ బిడ్డకు తండ్రిగా అతనికి ఏ బాధ్యతా ఉండదు. పైగా ఆ బిడ్డ అతని ఆస్తి అవుతుంది. 1808 నుంచి ఆఫ్రికా బానిసల దిగుమతిని నిషేధించాక ఆమె గర్భం ధర మరింత పెరిగింది. పితృస్వామ్యం, ఆస్తి హక్కు, జాతి వివక్ష మూడూ కలిసి పనిచేయడం ఇంత స్పష్టంగా కనిపించే చట్టాలు అరుదు.

ఇక జనాభా లెక్కల సంగతి. 1850, 1860 లెక్కల్లో బానిసలకు విడిగా ఒక పట్టిక ఉండేది. అందులో యజమాని పేరు ఉంటుంది. అతని కింద బానిసల వయసు, ఆడో మగో, శరీరఛాయ ఉంటాయి. వారి పేర్లు మాత్రం ఉండవు. 1860 నాటికి అలా లెక్కకెక్కిన వాళ్లు 39 లక్షల 53 వేల మందికి పైగా ఉన్నారు. నిజానికి 1850 పట్టిక ముసాయిదాలో బానిసల పేర్లు రాయాలనీ, ప్రతి బానిస స్త్రీ ఎంతమంది పిల్లల్ని కన్నదో నమోదు చేయాలనీ ఉంది. దక్షిణాది సెనేటర్లు అభ్యంతరం చెప్పి ఆ రెండింటినీ తీసేయించారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. తల్లి పేరు, ఆమె కన్న బిడ్డల సంఖ్య పక్కపక్కన రాస్తే, అమ్ముడుపోయిన బిడ్డలెందరు, చనిపోయిన వాళ్లెందరు అని ఎవరైనా అడుగుతారు. కాబట్టి ఈ కాగితాల్లోని ఖాళీలు పొరపాటున మిగిలినవి కావు. కూర్చుని చర్చించి మిగిల్చినవి.

కోర్టు ఫైలు చూద్దాం. మిస్సోరీలో రాబర్ట్ న్యూసమ్ అనే రైతు 1850లో సుమారు పద్నాలుగేళ్ల సీలియాను కొన్నాడు. కొన్న నాటి నుంచీ అత్యాచారం చేస్తూ వచ్చాడు. 1855 జూన్‌లో ఆమె ఎదురుతిరిగింది. కర్రతో కొడితే అతను చనిపోయాడు. 'ఏ స్త్రీనైనా' బలవంతం చేయడం నేరమని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఆ మాటలో బానిస స్త్రీ కూడా వస్తుందని ఆమె తరఫు న్యాయవాదులు వాదించారు. జ్యూరీకి అలా చెప్పడానికి జడ్జి ఒప్పుకోలేదు. బానిస గనుక విచారణలో ఆమె నోరు విప్పడానికి వీల్లేదు. ఆ డిసెంబరు 21న ఆమెను ఉరి తీశారు. ఆస్తిగా చూసినప్పుడు ఆమె మనిషి కాదు. నేరస్థురాలిగా నిలబెట్టినప్పుడు మాత్రం పూర్తి బాధ్యత గల మనిషి. 'ఏ స్త్రీనైనా' అన్న మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న హక్కుల కోసం పనిచేసే మనకు కొత్తది కాదు.

విముక్తి పత్రాల్లోనూ స్త్రీల కథ వేరుగానే ఉంది. 1863 జనవరి 1న లింకన్ చేసిన ప్రకటన యూనియన్‌లోనే ఉండిపోయిన కెంటకీ వంటి బానిస రాష్ట్రాలకు వర్తించలేదు. అక్కడి నల్లజాతి పురుషులు సైన్యంలో చేరి స్వేచ్ఛ పొందారు. భార్యాబిడ్డలు మాత్రం బానిసలుగానే మిగిలారు. 1864 నవంబరులో కెంటకీలోని క్యాంప్ నెల్సన్ శిబిరం నుంచి సుమారు 400 మంది స్త్రీలను, పిల్లలను గడ్డకట్టే చలిలో వెళ్లగొట్టారు. వందమందికి పైగా చనిపోయారు. జోసెఫ్ మిల్లర్ అనే సైనికుడు తన జబ్బు బిడ్డను బండెక్కించి పంపేయడం, రాత్రి నడిచి వెళ్లేసరికి బిడ్డ చనిపోయి ఉండడం, తానే గొయ్యి తవ్వి పూడ్చడం ప్రమాణపూర్వకంగా రాయించాడు. ఇలాంటి వాంగ్మూలాలు పత్రికలకెక్కి దుమారం లేపాయి. 1865 మార్చి 3న కాంగ్రెస్ సైనికుల భార్యాబిడ్డలను విముక్తుల్ని చేసింది. అయితే బానిసల పెళ్లిని చట్టం ఏనాడూ గుర్తించలేదు. మరి భార్యనని రుజువు చేసుకోవడం ఎలా? భార్యాభర్తలుగా కలిసి బతికినట్టు సాక్ష్యం ఉంటే చాలని ఆ తీర్మానమే చెప్పింది. అది మేలే. కానీ ఆమె స్వేచ్ఛకు దారి అప్పుడు కూడా భర్త సేవ గుండానే. పెళ్లికాని స్త్రీ, భర్త సైన్యంలో లేని స్త్రీ 1865 డిసెంబరులో పదమూడవ సవరణ వచ్చే దాకా ఆగాల్సి వచ్చింది.

స్త్రీ స్వయంగా రాస్తే ఏమైంది? హేరియట్ జాకబ్స్ యజమాని లైంగిక వేధింపుల నుంచి తప్పించుకుని, అమ్మమ్మ ఇంటి అటక మీద నిలబడడానికి కూడా వీల్లేని చోట దాదాపు ఏడేళ్లు దాక్కుంది. 1861లో మారుపేరుతో ఆత్మకథ అచ్చువేసింది. పండితులు చాలాకాలం దాన్ని కల్పన అన్నారు. సంపాదకురాలైన తెల్ల రచయిత్రే రాసి ఉంటుందన్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు జాకబ్స్ ఉత్తరాలను వెతికి, చదివి, పోల్చి 1987లో ప్రామాణిక ప్రతి తెచ్చాకే ఆ వాదన ఆగింది. యజమాని లెక్కల పుస్తకాన్ని ఎవరూ కల్పన అనలేదు. బానిస స్త్రీ మాటకు మాత్రం వందేళ్లకు పైగా రుజువు అడుగుతూ వచ్చారు.

అందుకే ఏ కాగితం చేతికొచ్చినా మనం ముందుగా అడగాల్సింది ఇందులో ఏముందని మాత్రమే కాదు. ఎవరు రాశారు, ఎవరికోసం, ఏ గడి తీసేశారు, ఎవరికి నోరు లేకుండా చేశారు అని కూడా అడగాలి. రేషన్ కార్డులో, భూమి పట్టాలో, పోలీసు రికార్డులో స్త్రీల పేర్లు వెతికే పనిలో ఉన్న మీకు ఈ ప్రశ్నలు అక్కరకొస్తాయని నా నమ్మకం. యెల్లిన్ చేసిన పని గొప్ప సిద్ధాంతంతో మొదలు కాలేదు. ఓపికగా ఉత్తరాలు చదవడంతో మొదలైంది. అది మనమూ చేయగలిగిన పనే.