రెండు పేర్లు, ఒకే లిస్టు

గైడో వాన్ రోసమ్ 1991లో తొలిసారి విడుదల చేసిన పైథాన్ భాషను ఇవాళ మన కాలేజీల్లోనూ నేర్పుతున్నారు. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా, పలు విలువలను ఒకే పేరు కింద వరుసగా దాచుకునే లిస్టు మీద గట్టి పట్టు సాధించాలన్నది నా వాదన. లిస్టు అర్థమైతే ప్రోగ్రామింగ్‌లోని మూల విషయాలు చాలా వరకు దాని వెంటే వస్తాయి. స్థానాల లెక్క సున్నాతో మొదలవడం, లూప్‌తో ఒక్కొక్కటీ తీసి చూడటం, ఇవి త్వరగానే అలవాటవుతాయి. చిక్కంతా మరోచోట ఉంది. మార్కులు అనే లిస్టు ఉందనుకోండి. కొత్తవి ఈక్వల్స్ మార్కులు అని రాస్తే రెండో లిస్టు తయారైందనుకుంటాం. కాలేదు. ఉన్న లిస్టుకే రెండో పేరు పెట్టాం, అంతే. ఇంట్లో చిన్నా అన్నా, బడిలో శ్రీనివాస్ అన్నా పిల్లవాడు ఒక్కడే కదా! ఒక పేరుతో మారిస్తే రెండో పేరుతో చూసినా ఆ మార్పే కనిపిస్తుంది. విడిగా లిస్టు కావాలంటే కాపీ మెథడ్ వాడాలి. లిస్టులో లిస్టులుంటే అదీ చాలదు, లోపలి లిస్టులనూ కాపీ చేసే డీప్‌కాపీ కావాలి.

కోడ్ రాసిపెట్టే ఏఐ ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ రెండో పేరును రెండో లిస్టు అనుకునే పొరపాటుకు పైథాన్ ఎర్రర్ చూపించదు. ప్రోగ్రామ్ నడుస్తుంది, జవాబు మాత్రం తప్పుతుంది. కోడ్ ఎవరు రాసినా, ఆ జవాబును నమ్మాలో లేదో తేల్చుకోవాల్సింది మనమే. ఇవాళే మూడు అంకెలతో ఒక లిస్టు రాయండి. దానికి రెండో పేరు పెట్టండి. ఒక అంకె మార్చి, రెండు పేర్లతోనూ ప్రింట్ చేసి చూడండి.