దువా కూడా, దవా కూడా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడి పంతుల్ని. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి. పిల్లల చదువుల మీద మాట్లాడమన్నారు. కానీ మనం తలుపులు వేసి దాచుకునే ఒక జబ్బు సంగతి మనవి చేస్తాను. అది మనసుకు వచ్చే జబ్బు.

టీచరు ట్రైనింగులో మనస్తత్వ శాస్త్రం చదివాను, పాసయ్యాను కూడా. మా తమ్ముడికే ఆ జబ్బు వస్తే మాత్రం గుర్తుపట్టలేకపోయాను. మిరప కోతల రోజులు. వారంపైన కంటిమీద కునుకు లేదు వాడికి. నరసరావుపేటలో హోటలు పెడతానన్నాడు, మాచర్లలో లారీలు కొంటానన్నాడు. అడిగినవాడికీ అడగనివాడికీ డబ్బు పంచాడు. హుషారు అనుకున్నాం. అప్పులు బయటపడ్డాక "అసర్ తగిలింది" అన్నారు. తాయెత్తులు కట్టించాం. చివరికి వాణ్ణే మంచానికి కట్టేశాం. ఆ ముడి వేసింది ఈ చేతులే. రెండు నెలలకు వాడే గోడవైపు తిరిగి పడుకుని, తిండి మానేసి, "నేను బతికి ఎవరికి లాభం భాయ్" అన్నాడు.

అప్పుడు గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆ పొంగు, ఈ కుంగు ఒకే జబ్బుకు రెండు ముఖాలని, దాన్ని బైపోలార్ అంటారని డాక్టరుగారు చెప్పారు. పొంగు లేకుండా కుంగుబాటు ఒక్కటే వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువట. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని మనంతట మనం ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఇదేదో కొత్త మాట కాదు. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ అనే పండితుడు, కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని ఆనాడే విడదీసి రాశారు. మనం మాత్రం గొలుసుల దగ్గరే ఆగిపోయాం. తమిళనాడులోని ఏర్వాడి దర్గా యాత్రాస్థలం. అక్కడ రోగులను ఉంచే ఒక ప్రైవేటు షెడ్డుకు 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ వార్త గుర్తొస్తే నేను వేసిన ముడే కళ్ల ముందుకొస్తుంది. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని 2017 నాటి చట్టం చెబుతోంది.

దర్గాకు వెళ్లవద్దని నేను అనను. దువా చేయండి, దవా కూడా వేయించండి. చావు మాట నోట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416కు ఫోను చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

మా తమ్ముడు ఇప్పుడు కొట్టు చూసుకుంటున్నాడు. రోజూ మాత్ర వేసుకుంటాడు. ఈ సంగతి వాడి అనుమతితోనే చెప్పాను. "చెప్పు భాయ్, ఇంకొకణ్ణి కట్టేయకుండా ఉంటారు" అన్నాడు.