సగటులో కానరాని నిరీక్షణ

వెబ్‌సైటును నిర్వహించువారిని మీ సర్వరు ఎంత వేగముగా బదులిచ్చుచున్నదని అడిగినచో, వారు తడుముకొనక చెప్పు సంఖ్య చాలవఱకు సగటే యగును. ఆ సంఖ్యను నమ్మి నిశ్చింతగా నుండవలదని మనవి చేయుటకే నేడీ ప్రసంగము.

నూరు రిక్వెస్టులు వచ్చినవనుకొందము. వానిలో 95 రిక్వెస్టులకు 0.1 సెకనులో బదులు లభించి, తక్కిన అయిదింటికి 8 సెకనుల చొప్పున పట్టినచో, సగటు ఇంచుమించు అర సెకను. నిజమునకు అర సెకను వేచినవారు ఆ నూర్గురిలో ఒక్కరును లేరు. పరీక్షాఫలితములు వెలువడిన ఉదయమున హాల్‌టికెట్టు నంబరు నొక్కి, ఎనిమిది సెకనులు తెల్లని తెర వంక చూచుచు గుండె దిటవు చేసికొన్న విద్యార్థి ఆ సగటులో ఎక్కడను కానరాడు. అతడు కానరావలెనన్నచో పర్సంటైలును చూడవలయును. 99వ పర్సంటైలనగా, నూటికి 99 రిక్వెస్టులు ఎంత కాలము లోపల ముగిసినవో తెలుపు హద్దు.

మిగిలిన ఒక్కటి స్వల్పమే కదా యని తలపకుడు. గూగుల్‌కు చెందిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో ప్రకటించిన వ్యాసమున ఈ లెక్క కలదు: ఒక రిక్వెస్టుకు బదులు చెప్పుటకు 100 సర్వర్లను అడుగవలసియుండి, ఒక్కొక్కటి నూటికొక్కసారి మాత్రమే జాగుచేసినను, నూటికి 63 రిక్వెస్టులు ఆ జాగునకు లోనగును.

ఇక ఈ కాలమును కొలుచు సాధనము. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో రూపొందనారంభించి, నేడు బహుళ వ్యాప్తిలోనున్న ప్రొమీథియస్, తన సాధారణ హిస్టోగ్రామ్‌లో ప్రతి రిక్వెస్టు కాలమును విడిగా జ్ఞాపకముంచుకొనదు. కాలమును బకెట్లుగా విభజించి, ఏ హద్దు లోపల ఎన్ని ముగిసినవో ఆ లెక్కనే దాచుకొని, బకెట్టు లోపల రిక్వెస్టులు సమముగా పరచుకొనియున్నవని భావించి పర్సంటైలును అంచనా కట్టును. దాని గో భాషా లైబ్రరీలో ముందుగానే అమర్చియుంచిన హద్దులు 0.005 సెకనుతో మొదలై 10 సెకనులతో ముగియును. వానిలో 1కి, 2.5కి నడుమ హద్దు లేదు గనుక, 1.5 సెకనులలో బదులిత్తుమని మీరు మాట యిచ్చియుండినచో, అది నిలిచినదో లేదో నిక్కముగా తేలదు. అంతకన్న ప్రమాదకరమైనది మఱియొకటి: జనులు 40 సెకనులు వేచియున్నను, పర్సంటైలు చివరి హద్దు దాటినప్పుడు తెరపై కనబడునది 10 మాత్రమే. కావున ముందు మీ మాటను నిర్ణయించుకొని, సరిగా అచ్చటనే ఒక హద్దును నిలుపుడు.

పలు సర్వర్ల పర్సంటైళ్లకు సగటు కట్టకుడు, దానికి అర్థమే లేదు. బకెట్ల లెక్కలను కూడి, పిదప పర్సంటైలును గణింపుడు. విఫలమైన రిక్వెస్టులను వేరుగా లెక్కింపుడు; క్షణములో తిరిగివచ్చు ఎర్రరు సైటును వేగవంతమైనదిగా చూపును. గడియారము ఎచ్చట మొదలగుచున్నదో కూడ విచారింపుడు. ప్రోగ్రాము రిక్వెస్టును చేతికి తీసికొన్నప్పుడే అది మొదలైనచో, క్యూలో గడచిన కాలము లెక్కకెక్కదు.

అందుచేత బయటి నుండియు కొలువవలయును. కర్ల్ అను చిన్న సాధనము, అడిగినచో, సైటు పేరును వెదకుట ఎప్పుడు ముగిసినదో, కనెక్షను ఎప్పుడు కుదిరినదో, తొలి బైటు ఎప్పుడు చేరినదో వేర్వేరుగా చెప్పును. ఆలస్యము కనెక్షనుకు ముందే కనబడినచో పేరు వెదకుటను, నెట్వర్కు మార్గమును, కనెక్షను కుదిరిన పిమ్మట తొలి బైటు వఱకు సాగినచో సాధారణముగా సర్వరును ముందుగా పరిశీలింపుడు.