పని ఎక్కడ ఆగిందో గోడ మీద కనపడాలి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెరువులో నీరెంత ఉన్నా పొలానికి అందేది తూములోనుండి పోయినంతే. తూము పూడిపోతే కాలువను ఎంత వెడల్పు చేసినా లాభం లేదు. ఆఫీసు పనీ అంతే.

1985లో మండలాలు రాకముందు నేను పాలమూరు జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. గుమాస్తాలం పదిమందిమి, టైపిస్టు ఒక్కరే. పై అధికారి మమ్మల్ని తొందరపెట్టేవారు. మేము తొందరగా రాసినకొద్దీ టైపు ట్రేలో డ్రాఫ్టులు పెరిగేవి. ప్రతి కాగితానికీ 'అర్జెంటు' చీటీ ఉండడంతో ఏది ముందో టైపిస్టుకే తెలిసేది కాదు. పర్సనల్ రిజిస్టర్లలో లెక్కలన్నీ ఉండేవి. కాని ఎవరి రిజిస్టరు వారి బల్ల మీదే ఉండేది.

కొత్తగా వచ్చిన హెడ్ క్లర్కుగారు ఒక నల్లబల్ల తెప్పించారు. రాయవలసినవి, టైపు కావలసినవి, సంతకానికున్నవి, డిస్పాచికి ఉన్నవి ఎన్నో రోజూ ఉదయం సుద్దముక్కతో అంకెలు వేయించారు. వారంలో అందరికీ సంగతి తెలిసిపోయింది. వారు ఎవరినీ కోప్పడలేదు. జ్ఞాపికలు, చిన్న జవాబులు సైక్లోస్టైల్ ఫారాల మీద చేత్తో రాసి పంపమన్నారు. టైపు గడిలో అంకె తగ్గింది, సంతకం గడిలో పెరిగింది. అప్పుడు అటు చూశారు. ఒక తూము తీస్తే రెండోది బయటపడుతుంది మరి!

జపానులో దీన్నే శాస్త్రంగా చేశారు. 'కాన్‌బాన్' అంటే వారి భాషలో సూచిక పలక. టయోటా కార్ల కంపెనీలో తైచి ఓనో అనే ఇంజనీరు ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. అమెరికా సూపర్‌మార్కెట్లలో అలమరలో ఖాళీ అయినంతే నింపడం ఆయనకు ఆదర్శం. తర్వాతి దశ నుండి చీటీ వస్తేనే ముందు దశవారు సరుకు పంపాలి. కనుక ఎక్కడా గుట్టలు పడవు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? తెలంగాణలో పదవీ విరమణ వయస్సు 2021లో 61 ఏండ్లకు పెరిగింది. ఆ గడువు తీరి 2024 నుండి మళ్లీ విరమణలు మొదలయినాయి. వారి పెన్షను కాగితాలు ఉన్నాయి. అంతకంటె ముఖ్యం, భర్తను పోగొట్టుకున్న మన సోదరీమణుల ఫ్యామిలీ పెన్షను. ఆ అమ్మ ఏ ఆఫీసుకు పోయి ఏమని అడుగుతుంది?

కనుక నా సూచన ఇది. మన సంఘ కార్యాలయం గోడకు ఒక బల్ల పెడదాము. సర్వీసు రిజిస్టరు పరిశీలన, ఆఫీసు అధిపతి సంతకం, అకౌంటెంట్ జనరల్ ఆఫీసు, ట్రెజరీ, మొదటి పెన్షను అందినది అని ఐదు గడులు. ఒక్కొక్క కేసుకు ఒక అట్టముక్క, దాని మీద ఆ గడికి వచ్చిన తేదీ. నెల దాటితే ఎర్ర గీత. ప్రతి సోమవారం లెక్కపెట్టి, అట్టలు పోగుపడ్డ గడికే ఇద్దరు సభ్యులు వెళ్లాలి. "ఎవరు ఆపారు?" అని కాదు, "ఏ కాగితం లేక ఆగింది?" అని అడగాలి. నామినేషను లేదా? సెలవు పద్దు మీద సంతకం లేదా? ఐదు అట్టలు ఒకేచోట ఆగితే ఐదు వినతిపత్రాలు అక్కరలేదు, చాలాసార్లు కారణం ఒక్కటే ఉంటుంది.

బల్లకు, అట్టలకు అయ్యే ఖర్చు నేను భరిస్తాను. సోమవారం వచ్చేవారు చేతులెత్తవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.