కీళ్లవాతపు మందు – రక్తపరీక్ష హెచ్చరిక
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణకు వరద వచ్చినపుడు ప్రకాశం బ్యారేజీ నుండి దిగువకు పోవు నీరు 3.97 లక్షల క్యూసెక్కులు కాగానే మొదటి ప్రమాద హెచ్చరికను, 5.69 లక్షలు కాగానే రెండవ హెచ్చరికను ప్రకటించుట మీరెరిగినదే. మొదటి హెచ్చరిక వినగానే ఎవరును ఇల్లు వదలి పరుగెత్తరు, విననట్లు నిద్రపోరు. లంక గ్రామములవారు పశువులను మెరకకు తోలుకొని, తరువాతి కబురుకై ఎదురుచూతురు. రక్తపరీక్ష కాగితమును చూచుటలోను ఇట్టి వివేకమే కావలెనని నేడు మేము మనవి చేయదలచితిమి.

వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, తెల్లవారి లేవగానే పిడికిలి ముడువలేని వారు మన గ్రామములలో గలరు. ఇది వయసుతో వచ్చు అరుగుదల కాదు. శరీరమునందలి రక్షణశక్తియే దారితప్పి కీళ్లపై తిరుగబడుటచే కలుగు కీళ్లవాతము. దీనికి వైద్యులు సాధారణముగా మొదట వ్రాయు మందు మెతోట్రెక్సేట్. 1895లో భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడిపిన బృందమే 1940 దశకములో ఫోలిక్ ఆమ్లమును, దానికి ఎదురు పనిచేయు ఈ జాతి మందులను తయారు చేసినది. మొదట రక్తపు క్యాన్సరుకు వాడిన ఈ మందు నేడు స్వల్ప మోతాదులో కీళ్లవాతమును అణచుచున్నది. దానివలన మంచి కణములకు కలుగు బాధను తగ్గించుటకే ఫోలిక్ ఆమ్లపు బిళ్లను కూడ ఇచ్చుచున్నారు.

మెతోట్రెక్సేటును వారమునకు ఒక్క దినమే వేసికొనవలెను. పొరపాటున దినదినము మ్రింగినచో ఎముకల మూలుగ దెబ్బతిని ప్రాణాపాయము కలుగును. చదువురాని వారి ఇంట ఆ వారమునకు క్యాలెండరుపై గుర్తు పెట్టించుడు.

ఈ మందు ప్రారంభించిన మొదటి మూడు నెలలు రెండు నుండి నాలుగు వారములకొకసారి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువుల ప్రకారము, స్థిరపడిన తరువాత సుమారు మూడు నెలలకొకసారి రక్తము పరీక్షింపవలెను. చూడవలసినవి ముఖ్యముగా మూడు. మొదటిది రక్తకణముల లెక్క. తెల్లకణములు సామాన్యముగా 4,000 నుండి 11,000 వరకు, ప్లేట్‌లెట్లు ఒకటిన్నర లక్షల నుండి నాలుగున్నర లక్షల వరకు నుండును. రెండవది కాలేయపు స్థితి తెలుపు ఎస్.జి.పి.టి.; ఇది సుమారు 40 లోపున నుండవలెను. మూడవది మూత్రపిండముల పని తెలుపు క్రియాటినిన్. ఈ మందు మూత్రపిండముల ద్వారానే బయటికి పోవును. అవి మందగించినచో మందు ఒంటిలో నిలిచి తెల్లకణములను తగ్గించును. ఇ.ఎస్.ఆర్. పెరుగుట మాత్రము సాధారణముగా వాత ఉద్రేకమునకు గుర్తు. మందు చేసిన కీడు కాదు.

ఒక ఇల్లాలి కాగితముపై ఎస్.జి.పి.టి. 72 అని వచ్చినదనుకొందము. భయపడి మందు మానినచో కొన్ని వారములలో కీళ్లు మరల వాచును. వంకర తిరిగిన వ్రేళ్లు తిరిగి చక్కబడవు. లెక్కచేయక యున్నచో కాలేయము చెడవచ్చును. వారపు మందు గనుక విచారించుటకు వ్యవధి గలదు. తరువాతి మోతాదు వేసికొనక మునుపే కాగితముతో వైద్యుని కలియవలెను. మందు వేసికొన్న మరునాడే రక్తము తీసిరా, కల్లు సారాల అలవాటు గలదా, నొప్పి బిళ్లలు, ఇతర మందులు వాడుచున్నారా యని ఆయన విచారించును. మోతాదు తగ్గించి, కొన్ని వారములకు మరల పరీక్షించినపుడు ఆ అంకె తరచుగా సర్దుకొనును. ఇది మొదటి హెచ్చరిక. అంకె మూడింతలు దాటుట, తెల్లకణములు బాగుగా పడిపోవుట రెండవ హెచ్చరిక, ఆలస్యము తగదు. జ్వరము, నోటిపూత, కారణము లేని కమిలిన మచ్చలు, పొడి దగ్గుతో ఆయాసము, పచ్చకామెర్లు కనిపించినచో కాగితమునకై ఎదురుచూడక, బిళ్ల వేసికొనక, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. గర్భము ధరింపదలచిన స్త్రీలు ముందుగానే వైద్యునికి తెలుపవలెను. గర్భమున ఈ మందు శిశువునకు హానికరము.

ఎన్.టి.ఆర్. జిల్లా ఏ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి తెచ్చిన దుఃఖము మీకు తెలియనిది కాదు. సలహా లేక నొప్పి బిళ్లలు మ్రింగుట, పేరు తెలియని పొడులు వాడుట మూత్రపిండములకు ముప్పు. ఎండలో పనిచేయువారు నీరు చాలినంత త్రాగవలెను.

సభ్యులారా, మీరు వైద్యులు కానక్కరలేదు. మీ వార్డులో ఈ మందు వాడువారెవరో ఆశా కార్యకర్త నడిగి తెలిసికొనుడు. పరీక్ష గడువు తప్పిన వారిని ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. బండి లేని వారికి తోడు చూపుడు. పాత కాగితములన్నియు ఒక సంచిలో భద్రపరచుమని చెప్పుడు. నేటి అంకెకు అర్థము నిన్నటి అంకె ప్రక్కన పెట్టినపుడే బాగుగా తెలియును. గట్టు తెగకముందు కాపలా కాయుట డెల్టా రైతునకు క్రొత్త కాదు. ఆ కాపలాను తోటివారి ఆరోగ్యమునకును విస్తరింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.

జైహింద్.